యార్న్‌నత్‌లో ఐదో మనిషి

స్వీడన్ దేశంలో క్రాంఫోర్స్ పట్టణానికి ఆనుకుని ఉన్న ఓస్‌వీక్ గ్రామ నివాసిని, ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించిన కీర్తిశేషులు ఏవాల్డ్ హెగ్‌మార్క్ గారి కుమార్తెను, అవివాహితను, సంగీతం పంతులమ్మగా పనిచేసి విరమించినదానను అయిన మైవోర్ హెగ్‌మార్క్ అను నేను, అరవై ఆరో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా నా చేత్తో రాసిన చివరి వీలునామా ఇది. తెలివి సరిగా ఉన్నదని మొదటే రాయాలని నా వకీలు గున్నెల్ బ్యుస్ట్రోమ్ చెప్పింది. తెలివి బాగానే ఉంది. చెడిపోయినవి ఊపిరితిత్తులు. ఈ రెంటికీ సంబంధం లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరుస్తున్నాను.

బుజ్జగింపు లేదన్నది పూర్తిగా నిజం కాదు. బుజ్జగింపులు చాలానే జరిగాయి. ఏదీ పారలేదు.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు ఇందుమూలంగా రద్దు. నాకు పిల్లలు లేరు. చట్టప్రకారం నా ఏకైక వారసుడు మా తమ్ముడు స్టెల్లన్ హెగ్‌మార్క్. లోకం అతన్ని స్టాన్ హేగ్ అనే పేరుతో ఎరుగును. తమ్ముడికి ఇంత వాటా ఇచ్చి తీరాలని మా చట్టంలో లేదు. ఆ సంగతి గున్నెల్‌ను మళ్ళీ మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నాను. నా తదనంతరం ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఆమెదే.

1. నా అంత్యక్రియలు మా ఊరి చర్చిలో, మా నాన్న వాయించిన ఆర్గన్‌తో జరగాలి. కీర్తనల పుస్తకంలో ఉన్నవే పాడాలి. గిటార్లు వద్దు. అరవై దాటిన మగవాళ్ళెవరైనా తోలు ప్యాంట్లు తొడుక్కుని వస్తే గుమ్మం దగ్గరే ఆపాలి. కూర్చున్నప్పుడు ఆ ప్యాంట్లు చేసే కిర్రుచప్పుడు ప్రార్థనలో వినపడుతుంది. ఆ తర్వాత చర్చి హాల్లో కాఫీ, రొయ్యలు పరిచిన సాండ్‌విచ్ కేకు. కేకు మా తమ్ముడు తెప్పించకూడదు.

2. నది ఒడ్డున నేనుంటున్న ఇల్లు, దాన్ని ఆనుకున్న ఆవిరి స్నానాల గది, కట్టెల కొట్టం, పడవల రేవులో నా వంతు – ఇవన్నీ నా స్వార్జితం. వీటిని అమ్మి, వచ్చినది క్రాంఫోర్స్ సంగీత పాఠశాలకు ఇవ్వాలి. మా పాటల బృందం యార్న్‌నత్ విడిపోయాక నాకు అన్నం పెట్టింది ఆ పాఠశాలే. తాళం వేయడం రాని పిల్లలకూ, రాదని తెలియని తల్లిదండ్రులకూ నడుమ నేను ముప్పై ఏళ్ళు గడిపాను. వాళ్ళలో ఎవరూ నన్ను కనపడకుండా కూర్చోమనలేదు.

3. నా కరెంటు ఆర్గన్‌ను, దాని స్పీకరు పెట్టెతో సహా, డ్రమ్ములు వాయించిన షెల్-ఓకె బోస్ట్రోమ్‌కు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. మోసుకుపోవడం అతని వల్ల కాదు, మోకాళ్ళు రెండూ పోయాయి. మనుషుల్ని పెట్టించి గున్నెల్ చేరవేయించాలి. ఒకప్పుడు దాన్ని అతనే మోశాడు. అవతలి ఒడ్డున మూతపడ్డ ప్రార్థనా మందిరం వాళ్ళు అమ్మేస్తుంటే నేను కొన్నాను. గడ్డకట్టిన నది మీదుగా జారుడు బల్లబండి మీద పెట్టి షెల్-ఓకె లాగాడు, నేను వెనక నుంచి తోశాను. "మంచు పగిలితే ముందు నన్ను పట్టుకుంటావా, ఆర్గన్‌నా?" అనడిగాడు. "ఆర్గన్‌నే," అన్నాను. "అయితే సరే, నిజం మాట్లాడే మనిషితోనే వాయిస్తాను," అన్నాడు.

అలా మొదలైంది. రంపపు మిల్లులో దుంగలు ఆరబెట్టే కొట్టం మా సాధన గది. గిటార్ యెర్కర్ స్యోడిన్, మిల్లు క్యాంటీన్ నడిపేవాళ్ళ కొడుకు. బాస్ గిటార్ ఉల్రిక్. అతనిప్పుడు న్యూజిలాండ్‌లో గొర్రెలు కాస్తున్నాడు, అతని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, నాకూ లేదు. గొంతు మా స్టెల్లన్‌ది. వాడికి ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నాకు పదకొండు. వాడి మేజోళ్ళు నేను అల్లాను, వాడి పేలు నేను దువ్వాను, వాడికి పాట నేను నేర్పాను. పదహారేళ్ళకు వాడి గొంతు పై స్థాయికి వెళితే కొట్టం రేకులు అదిరేవి. మిల్లు కార్మికులు భోజనం డబ్బాలు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు.

జూన్‌లో మళ్ళీ మంచు కురిసి బంగాళాదుంప మొలకల్ని మాడ్చే రాత్రుల్ని మా వైపు ఇనుప రాత్రులంటారు, యార్న్‌నత్. షెల్-ఓకె వాళ్ళమ్మ ఓ పొద్దున చేలోంచి వచ్చి, "దొంగముండ యార్న్‌నత్, ఒక్క మొలకనీ వదల్లేదు!" అని తిడుతుంటే, ఆ పేరు పెట్టుకున్నాం. పోస్టర్లు వేసేదాకా మేం ఐదుగురం.

4. క్రాంఫోర్స్‌కు ఎగువన ఒక బురదనేలలో పసుపుపచ్చ హ్యోర్ట్‌రోన్ పళ్ళు కాసే చోటొకటి మా నాన్న నాకు చూపించాడు. ఆ చోటు షెల్-ఓకెకు, అతని భార్యకు ఇస్తున్నాను. అలాంటి చోటును మా వైపు ఎవరూ బయటపెట్టరు, ఎక్కడో ఇక్కడ రాయను. చెవిలో చెప్పాను. యెర్కర్ నలభై ఏళ్ళుగా అడుగుతున్నాడు, అడుగుతూనే ఉండవచ్చు.

5. యెర్కర్ స్యోడిన్‌కు నా నేలమాళిగలో ఉన్న, మా వైపు ఇష్టంగా తినే, కంపుకొట్టే పులిసిన హెర్రింగ్ చేపల డబ్బా ఇస్తున్నాను. డబ్బా ఉబ్బింది, జాగ్రత్తగా తెరవాలి. స్టాక్‌హోమ్ వెళ్ళిన మొదటి ఏడాదిలోనే అతనికి ఆ వాసన పడకుండా పోయింది, మా యాస పోయింది, తనది ఏ ఊరని అడిగితే "ఉత్తరాదిన ఎక్కడో" అనే అలవాటు వచ్చింది. డబ్బా అతనికి ఊరు గుర్తుచేస్తుంది.

6. నల్ల మఖమలు తెర ఒకటి, పెద్దది, నా అటకమీద ఉంది. దాన్ని మా పాత మేనేజరు లెన్నార్ట్ ఫాగెర్‌స్టెట్‌కు పంపాలి, బతికుంటే. లేకపోతే అతని సమాధి మీద కప్పినా నాకు అభ్యంతరం లేదు.

ఈ అంశానికి వివరణ కావాలని గున్నెల్ అంటోంది. ఇస్తాను.

1979 ఏప్రిల్‌లో నేను చర్చిలో ఒంటరిగా కీర్తనలు సాధన చేస్తున్నాను. నది మీద మంచు పగిలే రోజులు. ఫిరంగి పేలినట్టు మొదటి చప్పుడైంది, తర్వాత పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదిలిన మూలుగు. నా ఎడమచెయ్యి ఆ మూలుగు వెంట పోయింది. కుడిచేతికి కాసేపటికి దారి దొరికింది. వాయించడం అయ్యాక చూస్తే మా నాన్న మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఇది కీర్తన కాదు," అన్నాడు.

"కాదు నాన్నా."

"అయితే నీదే. నీ పేరు మీద రాసి స్వరకర్తల సంఘానికి పంపు."

"మా వాళ్ళందరి పేర్లూ వేస్తే బాగుంటుందేమో."

"వాయించేది అందరూ కలిసి. రాసేది ఒక్కరే. దేవుడి పాటైనా సరే, రాసినవాడి పేరు కింద వేస్తారు."

పంపాను. ఆ పాటే 'నది విరిగింది'. మాటలు కూడా నావే. వాటిని ఇంగ్లీషు చేసినప్పుడు దొర్లిన తప్పులు యెర్కర్‌వి. దాంతోనే మేం క్రాంఫోర్స్ దాటి, స్టాక్‌హోమ్ దాటి, జర్మనీ వెళ్ళాం. ఆ పాట కోసమే లెన్నార్ట్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఒప్పందం మీద సంతకాలయ్యాక నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు.

"చూడు మైవోర్, నీ చేతుల్లో మాయ ఉంది. కాదనను. కానీ పోస్టరు మీద చేతులు కనపడవు కదా. నలుగురు కుర్రాళ్ళు, నాలుగు జుట్లు. వాళ్ళ మధ్యలో కళ్ళద్దాలూ ఉన్ని చొక్కా వేసుకుని ఓ పంతులమ్మ కూర్చుంటే టిక్కెట్టు ఎవడు కొంటాడు? నువ్వు వాయించు. తెర వెనక వాయించు. చప్పుడు మాత్రం అందరికీ వినపడేలా నేను చూసుకుంటాగా."

నేను మా తమ్ముడి వంక చూశాను. వాడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఒక లేసు కట్టడానికి అంతసేపు పట్టడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఈ ఒక్క టూరే కదా. పేరొచ్చిందా, నువ్వే ముందుంటావు. నీమీదొట్టు," అన్నాడు.

పేరొచ్చింది. తెర కూడా నాణ్యమైనది వచ్చింది, పాతది కాస్త పలచగా ఉండేది.

ఎందుకు ఊరుకున్నావని గున్నెల్ అడిగింది. ఊరుకోలేదు, పోట్లాడాను. పోట్లాడిన ప్రతిసారీ చివరికి ఆర్గన్ ముందే కూర్చున్నాను. వేలమంది ఛాతీలు నా ఎడమచెయ్యి కింద ఒక్కసారిగా వణకడం వదులుకోవడం తేలిక కాదు. కనపడని మనిషికైనా ఆ వణుకు తెలుస్తుంది. తెరలో చిన్న చీలిక ఉండేది. డ్రమ్ముల మీద నుంచి షెల్-ఓకె వెనక్కి వాలి దానిలోంచి కబుర్లు చెప్పేవాడు.

"ముందు వరుసలో ఒకామె ఏడుస్తోంది. నీ వాయింపుకే."

"నా వాయింపుకేనని నీకెలా తెలుసు?"

"స్టెల్లన్ అప్పుడు నీళ్ళు తాగుతున్నాడు."

7. మా తమ్ముడు స్టెల్లన్‌కు, నా వంటింటి బల్ల సొరుగులో ఉన్న తెల్ల పట్టు రిబ్బను తిరిగి ఇచ్చేస్తున్నాను. అది వాడిదే. వాడు పంపిందే.

1986లో ఒక టీవీ కార్యక్రమంలో యార్న్‌నత్ వచ్చింది. అక్కడ రికార్డు వేసి వాయిస్తున్నట్టు నటించడమే కాబట్టి నన్ను పిలవలేదు. నేను మా ఇంట్లో, మంచాన పడ్డ మా నాన్న పక్కన కూర్చుని చూశాను. ఆర్గన్ ముందు ఎవరో చక్కని కుర్రాడు నిలబడి ఉన్నాడు, మీటల మీద వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో వాడికే తెలియదు. ఇంతలో ప్రశ్నలడిగేవాడు, "ఈ పాట మొదట్లో వచ్చే ఆ రాగం ఎలా పుట్టింది స్టాన్?" అన్నాడు. మా తమ్ముడు జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "ఏమో, అలా వచ్చేసింది. ఒక రాత్రి హోటల్లో పడుకున్నా, తలలో వినపడింది," అన్నాడు.

మా నాన్న చాలాసేపు టీవీ వైపే చూశాడు. తర్వాత, "ఏ హోటలు? మన చర్చిలో గదులెప్పుడు కట్టారు?" అన్నాడు.

మర్నాడు లెన్నార్ట్‌కు ఫోన్ చేసి ఇక రానని చెప్పాను. డబ్బు పెంచుతానన్నాడు. తెరకు జేబు కుట్టిస్తే అందులో వేద్దువుగాని అన్నాను. జర్మనీ టూరుకు వేరొకణ్ణి పెట్టుకున్నారు. స్వరాలన్నీ సరిగ్గానే వాయించాడట పాపం. జనం మాత్రం సగం పాటలో బీర్లు తెచ్చుకోవడానికి వెళ్ళారట. ఆ కోపంలో యెర్కర్ ఒక రేడియో వాడితో రాగం తనదన్నాడు. స్టెల్లన్ తనదన్నాడు. ఇద్దరూ వకీళ్ళ దగ్గరికి పరుగెత్తారు. వకీళ్ళు స్వరకర్తల సంఘాన్ని అడిగితే మైవోర్ హెగ్‌మార్క్ అనే పేరు ఒక్కటే బయటపడింది. ఆ వారంలోనే బృందం విడిపోయింది. పత్రికలు కళాపరమైన అభిప్రాయభేదాలు అని రాశాయి. లేని ఎముక కోసం కరుచుకున్న రెండు కుక్కల గురించి ఇంత మర్యాదగా రాయడం పత్రికలకే చేతనవుతుంది.

స్టెల్లన్ హాంబర్గ్ నుంచి ఫోన్ చేశాడు.

"పాట నీ పేరు మీద ఉందని నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది అక్కా. పరువు పోయింది."

"పాట ఎవరు రాశారో నీకు తెలియదా?"

"అది తెలుసు. కాగితం మీద కూడా అలాగే ఉందని తెలియదు."

నేను ఫోన్ పెట్టేశాను.

ఆ శరదృతువులోనే మా నాన్న పోయాడు. స్టెల్లన్ లండన్‌లో ఒంటరిగా కచేరీలు మొదలుపెట్టాడు, రాలేకపోతున్నానని కబురంపాడు. పూలచక్రం మాత్రం వచ్చింది. చర్చి గుమ్మంలో పట్టనంత పెద్దది, దాన్ని ఏటవాలుగా తిప్పి లోపలికి తెచ్చారు. దానికి కట్టిన పట్టు రిబ్బను మీద బంగారు అక్షరాలతో 'ప్రేమతో, స్టాన్ హేగ్' అని ఉంది. మా నాన్నకు ఆ పేరుగల కొడుకు లేడు. పాస్టరు రిబ్బను చదివి, "ఈయన మీకేమవుతారు?" అనడిగాడు. నేను కత్తెర అడిగి రిబ్బను కత్తిరించాను. పూలు ఉండనిచ్చాను, పూల తప్పేం లేదు.

8. బృందం తిరిగి కలవడం గురించి పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ వచ్చినదంతా అబద్ధం కాబట్టి, ఏది నిజమో ఈ అంశంలో నమోదు చేస్తున్నాను. దీన్ని అడిగినవారికి చూపించే హక్కు గున్నెల్‌కు ఇస్తున్నాను.

2016 వసంతంలో యెర్కర్ బట్టతలతో, కొన్న కేకుతో నా గుమ్మంలో నిలబడ్డాడు. దక్షిణ స్వీడన్‌లో జరిగే వేసవి సంగీతోత్సవం వాళ్ళు అడుగుతున్నారని, అసలు మనుషులే కావాలంటున్నారని చెప్పాడు. "ఈసారి నువ్వు ముందు వరుసలో, మైవోర్. కావాలంటే రాసిస్తా." రాసివ్వమన్నాను. అక్కడే, నా వంటింటి బల్ల మీదే రాసిచ్చాడు.

స్టెల్లన్ స్పెయిన్ నుంచి దిగాడు. బొగ్గులా రంగేసిన జుట్టు, కొత్త పళ్ళు. నన్ను కావలించుకుని, "నువ్వేం మారలేదక్కా," అన్నాడు. "నువ్వు మారావు," అన్నాను. మూతపడ్డ బడి వ్యాయామశాలలో సాధన పెట్టుకున్నాం. ఉల్రిక్ గొర్రెల్ని వదిలి రానంటే ఊళ్ళో కుర్రవాడొకణ్ణి పెట్టుకున్నారు. షెల్-ఓకె డ్రమ్ములు కొట్టాడు, నేను రాగం ఎత్తుకున్నాను, ముప్పై ఏళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. పల్లవి వచ్చింది. పై స్థాయికి ఎగరబోయి మా తమ్ముడి గొంతు మధ్యలో తెగిపోయింది.

"మైకు బాగాలేదు," అన్నాడు.

మళ్ళీ తెగింది.

"మైకు పాపం ఏం చేసిందిరా?" అన్నాడు షెల్-ఓకె.

"శ్రుతి దించుదాం," అన్నాను. "నలభై ఏళ్ళు పాడిన గొంతు అదే ఎత్తులో ఉండమంటే ఎలా ఉంటుంది?"

"దించితే అది మన పాట కాదు!" అని అరిచాడు స్టెల్లన్. అరవడానికి మాత్రం గొంతు వచ్చింది. "ఫోన్లలో పాత పాట పెట్టుకుని పోల్చుకుంటారు. ముసలాడైపోయాడు అంటారు. నువ్వు ఏనాడైనా వాళ్ళ మొహాలు చూశావా? చూడలేదు. అందుకే నీకంత తేలిగ్గా ఉంది."

అది విని షెల్-ఓకె డ్రమ్ము పుల్లలు కింద పెట్టి బయటికి పోయాడు.

రెండోనాడు యెర్కర్ వచ్చాడు, ఈసారి కేకు లేదు. పిల్లలకు నేర్పి నేర్పి నా గొంతు చెక్కుచెదరలేదని, పై స్వరాలు నేను వెనక నుంచి అందిస్తే స్టెల్లన్ పెదాలు కదుపుతాడని అన్నాడు. వెనక అంటే ఎక్కడ అని అడిగాను. అతను నేల చూశాడు. రాసిచ్చిన కాగితం తీసి అతని ముందు పెట్టాను. "నీ సంతకం చదువుకో," అన్నాను.

సాయంత్రం స్టెల్లన్ రేవు దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదు. "నాకిది తప్ప ఇంకేమీ రాదక్కా," అన్నాడు. "నీకు పిల్లలకు నేర్పడం వచ్చు. షెల్-ఓకెకు వడ్రంగం వచ్చు. నేను ఈ పాట పాడినవాణ్ణి, అంతే. అదీ పాడలేకపోతే ఎవణ్ణి?" వాడి జుట్టు కుదుళ్ళ దగ్గర తెల్లగా ఉంది. ఆరేళ్ళప్పుడు అమ్మ గది తలుపు ముందు నిలబడి ఇలాగే మాట్లాడేవాడు, ఏడవకుండా, లెక్క చెబుతున్నట్టు.

సరేనన్నాను. ఇది వాడి మీద ప్రేమ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అలవాటు.

ఉత్సవంలో మైదానం నిండిపోయింది. కొత్త తెర తెప్పించారు. దాని వెనక కూర్చుని నేను వాయించాను, నేనే పాడాను, వాడు చేతులు చాపి ఆకాశంలోకి పెదాలు విప్పాడు. జనం ఏడ్చారని షెల్-ఓకె చెప్పాడు; ఈసారి ఎవరికోసమో చెప్పలేదు. పత్రికలు 'కాలం తాకని కంఠం' అని రాశాయి. రహస్యమేమిటని ఒకామె అడిగితే మా తమ్ముడు, రోజూ పరగడుపున నిమ్మరసం తాగుతానని చెప్పాడు. ఆ వేసవిలో మా కొట్లో నిమ్మకాయలు దొరకలేదు. ఆ నిమ్మరసం నేనని షెల్-ఓకె నన్ను ఏడాదిపాటు ఏడిపించాడు.

మరి రెండు వేసవులు అలాగే గడిచాయి. తర్వాత నాకు ఆయాసం మొదలైంది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని యెర్కర్ నా ఆరోగ్యం అడిగాడు. అడిగాక, ఉత్సవాల్లో తీసిన రికార్డింగుల్లో నా గొంతు విడిగా ఉందని, దాన్ని వాడుకుంటే బృందం ఎన్నాళ్ళైనా నడుస్తుందని, నేను ఒక్క సంతకం పెడితే చాలని చెప్పాడు.

"నేను పోయాక కూడానా?" అన్నాను.

"నీ పాట బతకాలని కాదూ?" అన్నాడు.

పెన్ను అతనే తెచ్చాడు. పెన్ను ఉంచుకుని కాగితం తిరిగిచ్చాను. ఈ వీలునామా ఆ పెన్నుతోనే రాస్తున్నాను, బాగానే రాస్తోంది.

9. కావున: నా గొంతు ఉన్న ఏ రికార్డింగునూ, ఏ యంత్రం సాయంతోనైనా, వేదిక మీద వినిపించడానికి ఎవరికీ అనుమతి లేదు. యార్న్‌నత్ పేరు ఎవరు వాడుకున్నా నాకు పట్టింపు లేదు, మంచు కురిసే రాత్రికి హక్కుదారులుండరు. 'నది విరిగింది' పాట మీద, దాని రాగం మీద, మాటల మీద నాకున్న సర్వహక్కులూ సంగీత పాఠశాలకు చెందుతాయి. మా తమ్ముడికి ఇల్లు లేదు, హక్కు లేదు, రాబడిలో వాటా లేదు. రిబ్బను ఇచ్చాను.

ఇక్కడితో ముగించేదాన్ని. మొదటి చిత్తు ఇక్కడితోనే ముగిసింది.

ఈ ఏప్రిల్‌లో స్టెల్లన్ వారం రోజులకని వచ్చి ఉండిపోయాడు. నేను రమ్మనలేదు. కట్టెలు కొడతాడు, లావు లావుగా కొడతాడు, పొయ్యిలో పట్టవు. సాసేజ్ మాడుస్తాడు. నన్ను సోఫా మీద నుంచి లేపి స్నానాల గదికి నడిపిస్తాడు, ఆ కాసేపు ఇద్దరం పక్కకు చూస్తాం. ఓస్‌వీక్ కొట్లో జుట్టుకు రంగు దొరకదు. మే వచ్చేసరికి వాడి తల మా నాన్న తలలా అయింది.

ఒక మధ్యాహ్నం నేను సోఫాలో కళ్ళు మూసుకుని ఉన్నాను. వాడు వంటింట్లో దుంపల తొక్క తీస్తున్నాడు. తలుపు ఓరగా ఉంది. ఎవరికోసమూ కాకుండా, చేతిపని సాగడానికి పాడుకున్నట్టు, వాడు ఆ పాట ఎత్తుకున్నాడు. చాలా కింద నుంచి ఎత్తుకున్నాడు. తడిదుంగను రంపం కోస్తున్నట్టున్న గొంతు. పల్లవి దగ్గర పైకి ఎగబాకలేదు, ఉన్నచోటే నిలబడి బరువుగా తోశాడు. నేను కళ్ళు తెరిచాను. నలభై ఏళ్ళుగా ఆ పాటను వాడు పిడుగులా పాడాడు, నేనూ అలాగే వాయించాను. అది పిడుగు కాదు. బరువైనది ఒకటి, కదలడం ఇష్టం లేనిది, కదలడం. ఆ రోజు చర్చిలో నేను విన్నది అదే. రాసిన నాకే అంతవరకూ ఎవరూ అలా పాడి వినిపించలేదు.

నేను దగ్గితే వాడు ఆగిపోయాడు.

"నిద్రపోయావనుకున్నానక్కా."

"పోలేదు."

"చూశావుగా, గొంతు ఎలా అయిపోయిందో."

"చూశాను."

"జనం ముందు ఇలా పాడితే కోడిగుడ్లతో కొడతారు."

"దుంపలు నల్లబడతాయి, నీళ్ళలో వెయ్యి," అన్నాను. మా ఇంట్లో పొగడ్త అంతకు మించి ఎప్పుడూ లేదు. వాడికీ తెలుసు. దుంపలు ఒక్కొక్కటే నీళ్ళలో పడ్డ చప్పుడు వినపడింది.

వాడు కొట్టుకు వెళ్ళాక పియానో దాకా పాక్కుంటూ వెళ్ళినంత పని చేసి, వాడు పాడిన శ్రుతి ఏదో వెతికి పట్టుకున్నాను. నాలుగు మెట్లు కింద. ఆ శ్రుతిలో పాట మొత్తం కొత్తగా రాశాను. చెయ్యి వణికి కొన్ని స్వరాలు గీత దాటాయి, షెల్-ఓకె చదవగలడు.

10. ఇందుమూలంగా మా తమ్ముడు స్టెల్లన్ ఏవాల్డ్ హెగ్‌మార్క్‌కు, అతను జీవించి ఉన్నంతకాలం, 'నది విరిగింది' పాటను నేను ఇప్పుడు రాసిన శ్రుతిలో, తన సొంత గొంతుతో, తన సొంత పేరుతో పాడుకునే అనుమతి ఇస్తున్నాను. దానికి పాఠశాల అతని దగ్గర ఏమీ వసూలు చేయకూడదు. పాత శ్రుతిలో పాడే అనుమతి అతనికే కాదు, మరెవరికీ లేదు. ఆర్గన్ భాగం షెల్-ఓకె ఎవరిని చూపిస్తే వాళ్ళు వాయించాలి. ఎంత జనం వచ్చినా, ఎంత చిన్న హాలైనా షరతు ఇదే.

స్టెల్లన్, ఇంతకన్నా నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని కాదు. ఇవ్వను, అంతే. ఇన్నేళ్ళు నీ బదులు నేను చేశాను. ఇక నువ్వు పాడు. లేచి పోయేవాళ్ళు పోతారు, పోనీ. కూర్చున్నవాళ్ళే మా తమ్ముడి పాట విన్నట్టు లెక్క.

పైన రాసినదంతా నేను చదువుకుని, మార్చవలసినదేమీ లేదని తెలుసుకుని, సాక్షులిద్దరి ఎదుట, పగటి వెలుగులో సంతకం చేస్తున్నాను.

ఓస్‌వీక్, 2019 మే 23

(సం.) మైవోర్ హెగ్‌మార్క్

పై వ్యక్తి స్వేచ్ఛగా, స్పష్టమైన మనసుతో ఈ పత్రం మీద సంతకం చేయగా మేమిద్దరం ఒకేసారి అక్కడ ఉండి చూశామని, ఈ పత్రం వల్ల మాకు ఏ లాభమూ లేదని ధ్రువీకరిస్తున్నాం.

సాక్షులు:
(సం.) సెలాం తెస్ఫాయ్, ఇంటి వద్ద రోగులను చూసుకునే ఉద్యోగిని, క్రాంఫోర్స్
(సం.) హోకన్ ఎడ్‌లుండ్, చర్చి సంరక్షకుడు, ఓస్‌వీక్